రాక్సెట్ కోసం హాల్మ్‌స్టాడ్ వెళ్లొచ్చాం

మా అన్నయ్య కేసెట్ల డబ్బాలో ఇంగ్లీషు పాటలవి రెండే ఉండేవి, అందులో ఒకటి రాక్సెట్ అనే పాప్ బ్యాండ్ వాళ్ల జాయ్‌రైడ్. వీళ్లు అమెరికా వాళ్లేనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఉద్యోగానికి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వచ్చాక తెలిసింది, వాళ్ల ఊరు హాల్మ్‌స్టాడ్ ఇక్కడికి రైల్లో గంటంబావు దూరమేనని. జూన్‌లో ఒక శని, ఆదివారాలు నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం.

అడుగడుగునా వాళ్ల బొమ్మలుంటాయనుకుని వెళ్తే మాత్రం నిరాశే. పెద్ద చౌక్‌లో కార్ల్ మిల్లెస్ చెక్కిన ఫౌంటెన్, నది ఒడ్డున పికాసో శిల్పం, ఒక పాత కోట, అంతే, రెండు గంటల్లో అయిపోతుంది. రాక్సెట్ ఆనవాళ్లు కావాలంటే బస్సెక్కి సముద్రం ఒడ్డున ఉన్న ట్యూలోసాండ్‌కి పోవాలి. అక్కడి పెద్ద హోటల్లో రాక్సెట్ ఇద్దరిలో ఒకడైన పెర్ గెస్లేకి వాటా ఉంది (ఇక్కడివాళ్లు 'యెస్లే' అంటారు, నేను 'గెస్లే' అంటే కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వింది). బార్‌లో గోడల మీద రికార్డులు, గిటార్లు పెట్టారు. చూడ్డానికి అక్కడ రూమ్ తీసుకోనక్కర్లేదు, ఒక కాఫీ తాగితే చాలు.

రూమ్ ధరలు చూసి మేం ఊళ్లోనే ఒక చిన్న హోటల్లో దిగాం. టిఫిన్ బాగుంది, మంచం బాగుంది. కానీ సాయంత్రం రిసెప్షన్‌లో మనిషి ఉండరు, తలుపు కోడ్ మెయిల్‌కి వస్తుందన్నారు, అది రాలేదు. నలభై నిమిషాలు బయట గాలిలో నిలబడి ఫోన్లు చేశాం, మా ఆవిడ టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. మీరు వెళ్తే కోడ్ ముందురోజే అడిగి పెట్టుకోండి.

బీచ్ ఏడు కిలోమీటర్ల పొడవు, పడమటి వైపు, రాత్రి పదింటి దాకా వెలుతురే. గాలి ఎంతంటే మేం కట్టుకెళ్లిన పులిహోరలో పల్లీలకన్నా ఇసుకే ఎక్కువ తగిలింది.

బార్‌లో పక్క టేబుల్ వాళ్లు అర్జెంటీనా నుంచి వచ్చారట, కేవలం దీనికోసమే. మొదట నమ్మలేదు. కానీ ఆలోచిస్తే, అమెరికాలో వీళ్ల రికార్డు వేయడానికి అక్కడి కంపెనీ ఒప్పుకోలేదు, స్వీడన్‌లో చదువుకుని వెళ్లిన ఒక అమెరికన్ కుర్రాడు తన దగ్గరున్న ఆల్బమ్‌ని మినియాపోలిస్‌లో ఒక రేడియో స్టేషన్‌కి ఇస్తే అక్కడ ద లుక్ పాట మోగి, 1989లో అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆ తర్వాత 1991 దాకా ఇంకో మూడు నంబర్ వన్‌లు. 1995లో బీజింగ్‌లో కూడా కచేరీ చేశారు. అన్నయ్య కేసెట్ దాకా వచ్చిందంటే వింతేముంది!

రాక్సెట్‌లో రెండో మనిషి, గాయని మారీ ఫ్రెడ్రిక్సన్ 2002లో బ్రెయిన్ ట్యూమర్ బారిన పడి, మళ్లీ లేచి వేదికలెక్కి, 2019 డిసెంబర్‌లో పోయింది. ఆ అర్జెంటీనా ఆవిడ ఆమె ఫోటో దగ్గర చాలాసేపు నిలబడింది. మేం బిల్లు కట్టి (కార్డే, నగదు ఎవరూ అడగరు) ఆఖరి బస్సుకి పరిగెత్తాం.