ఫురోషికి: నూలుదా, పాలిస్టరుదా?

జపాన్ వస్తున్నామని ఫోన్ చేసే చుట్టాల్లో సగం మంది అడిగేది ఇదే: "ఫురోషికి ఏ గుడ్డది కొనమంటావు?" ఫురోషికి అంటే వస్తువుల్ని చుట్టి మూట కట్టుకునే చదరపు గుడ్డ. ఎలా చుట్టాలో వీడియోల్లో చూసే ఉంటారు, ఆ సంగతి వదిలేస్తాను.

అందరూ రంగు చూస్తారు, నేను ముడి చూస్తాను. ఈ మూటకి జిప్పు లేదు, గుండీ లేదు, ఉన్నదల్లా ముడే. బరువుకి జారకూడదు, ఇంటికొచ్చాక గోళ్లు విరగకుండా ఊడాలి. దానికి వేసేది మా-ముసుబి, అంటే రెండు మెలికల చదును ముడి. సరిగ్గా పడితే రెండు కొసలూ పక్కలకి చూస్తుంటాయి. నిలువుగా నిలబడ్డాయంటే రెండో మెలిక తప్పు తిప్పారన్నమాట. విప్పేటప్పుడు ఒక కొసని ముడి మీదుగా, అది చూస్తున్న వైపుకి ఎదురుగా గట్టిగా లాగండి. ఆ కొస తాడులా తిన్నగా అవుతుంది, రెండోది దాని చుట్టూ ఉంగరంలా మిగులుతుంది. ఉంగరాన్ని జరిపేస్తే సరి.

ఈ ముడి నూలులో బిగిసి కూర్చుంటుంది. నున్నటి పాలిస్టరులో జారుతుంది. నా మొదటిది అలాంటిదే. స్టేషన్ మెట్ల మీద ఉల్లిపాయలు ఏరుకున్నాను. అయితే పాలిస్టరులోనూ ముడతల నేత ఉన్న చిరిమెన్ రకం బాగానే పడుతుంది. ఇస్త్రీ అక్కర్లేదు, మడిస్తే జేబులో పడుతుంది. నీళ్లు అంటని రకమైతే జూన్ వానల్లో నిజంగా పనికొస్తుంది. 2006లో పర్యావరణ మంత్రి యురికో కొయికే ప్రచారం చేసిన "మొత్తాయినాయ్ ఫురోషికి" కూడా పాత ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పోగుతో చేసిందే.

నూలుతో ఒక చిక్కుంది. గుడ్డ మందం కాబట్టి ముడే బోలెడు గుడ్డ తినేస్తుంది. 70 సెంటీమీటర్లది టిఫిన్ డబ్బాకి సరే గానీ, కూరల సంచిలా వాడాలంటే 100 పైనే తీసుకోండి. వస్తువు వెడల్పుకి మూడింతలు గుడ్డ ఐమూల ఉండాలన్నది ఇక్కడి లెక్క.

పట్టు చిరిమెన్ పెద్దవాళ్లకి కానుక పట్టుకెళ్లడానికి; ఉతకడం తలనొప్పి. తెనుగుయి అనే పల్చటి నూలు తువ్వాలు సీసా చుట్టడానికి చాలు. ఫుకుసా అనే చిన్న గుడ్డ చదివింపుల కవరుకి, మీకు అవసరం పడదు.

నా బ్యాగులో ఉండేది 105 సెంటీమీటర్ల నూలుది, ఆకుపచ్చ మీద కరకుసా అనే తెల్ల తీగల డిజైను. ఇక్కడి కార్టూన్లలో దొంగ భుజానేసుకునే మూట అచ్చం ఇదే. ఆఫీసులో నన్ను చూసి నవ్వుతుంటారు.