పదిహేనేళ్ల ఉయ్యాలబల్ల, రెండు కొక్కేలు

మా హాల్లో టేకు ఉయ్యాలబల్ల వేలాడదీసి 2025 సంక్రాంతికి పదిహేనేళ్లు నిండాయి. టేకు ఎంత గట్టిదో, ఇత్తడి గొలుసులు ఎంత అందంగా ఉంటాయో కొనబోయేవాళ్లకు దుకాణంలోనే చెబుతారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లను. దుకాణంలో ఎవరూ చెప్పనిది, నేనైనా పదమూడేళ్లపాటు తలెత్తి చూడనిది ఒకటుంది. అది పైన శ్లాబులో ఉండే కొక్కెం. ఉయ్యాల మీద నాకు ఎంత ప్రేమ ఉందో ఆ కొక్కెం మీద అంత కోపం ఉంది, ఆ కోపంలో కొంత వాటా నాకే చెందుతుంది.

మేముండేది విశాఖ పెదవాల్తేరులో, సొంత ఇంటి పై అంతస్తులో. బాల్కనీ తలుపు తీస్తే సముద్రపు గాలి నేరుగా హాల్లోకి వస్తుంది. 2010లో గృహప్రవేశం నాటికి నా అభిరుచి అంతా తెలుపే. గోడలు తెలుపు, తెరలు మీగడ రంగు, బల్లల మీద ఒక్క బొమ్మ కూడా ఉండకూడదన్నది నా పట్టుదల. ఉయ్యాల మాత్రం అత్తయ్య కోరిక. ఆవిడ అంతటితో ఆగకుండా గొలుసుల వెంట ఏటికొప్పాక లక్క చిలకలు కట్టించారు. అంకుడు కర్రతో చేసిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చిలకలవి. రాత్రి నేను విప్పేసేదాన్ని, తెల్లవారేసరికి అవి మళ్లీ గొలుసు మీద ఉండేవి. ఈ విషయమై మా ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా జరగలేదు. మూడు నెలలయ్యాక నేనే విప్పడం మానేశాను. ఇవాళ మా ఇంట్లో తెరలూ దిండు గలేబులూ ఆ చిలకల రంగుల్లోనే ఉన్నాయని చెబితే ఎవరు గెలిచారో వేరే చెప్పనక్కరలేదు.

శుభకార్యానికి ఇల్లు అలంకరించడంలో ఉయ్యాలబల్ల చేసే మేలు ఏమిటంటే, మిగతా గదిని ఎలా సర్దాలన్న బెంగ తీరిపోతుంది. చూపు ఎలాగూ దాని మీదికే పోతుంది. 2012లో మా పాప బారసాలకు బల్లను గొలుసుల నుంచి విప్పి, అవే కొక్కేలకు మా అమ్మ పాత నేతచీరతో ఉయ్యాల కట్టాం. గదిలో వేరే అలంకారమే చేయలేదు. గడపకు పసుపు రాసి, గుమ్మానికి మామిడాకులు కట్టాం, అంతే. 2017లో మా మరిది పెళ్లికి మాత్రం అలంకరణవాళ్లను పిలిచాం. వాళ్లు బల్లను ప్లాస్టిక్ పూలతో, చిన్న దీపాల దండలతో కప్పేశారు. పెళ్లయ్యాక టేపు పీకితే దానితోపాటు పాలిష్ కూడా ఊడి వచ్చింది. ఆ నాలుగు మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. అప్పటి నుంచి బల్లకు ఏది కట్టినా నూలు దారంతోనే కడుతున్నాను.

ఈ రెండింటి మధ్య 2014 ఉంది. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద తీరం దాటినప్పుడు మా బాల్కనీ అద్దాలు పగిలి, ఉప్పు కలిసిన వాన హాలంతా చిమ్మింది. సోఫా ఉబ్బిపోయింది, ప్లైవుడ్ అల్మారా పొరలు పొరలుగా విడిపోయింది. ఉయ్యాలబల్ల మాత్రం ఒక రాత్రీ పగలూ నీళ్లలో నానినా వంగలేదు, పగల్లేదు. నెల తిరక్కుండా వచ్చిన మామయ్యగారి షష్టిపూర్తికి హాల్లో కూర్చోబెట్టడానికి పనికొచ్చే వస్తువు అదొక్కటే మిగిలింది. దాని మీద పట్టుచీర పరిచి ఇద్దరినీ కూర్చోబెట్టాం. ఆ ఫొటోలో వెనకాల బాల్కనీకి అద్దాల బదులు నీలం టార్పాలిన్ కనిపిస్తుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఇంటికి వచ్చిన ప్రతివారికీ, ఇది హుద్‌హుద్‌ను గెలిచిన ఉయ్యాల అని గొప్పగా చెప్పుకున్నాను. బల్ల విషయంలో ఆ మాట నిజమే. పైన ఏం జరుగుతోందో అప్పుడు నాకు తెలియదు.

2023 మేలో పాపకు ఓణీల వేడుక పెట్టుకున్నాం. దానికి ముందు రెండు మూడు నెలలుగా ఉయ్యాల కింద నేల మీద సన్నటి పొడి కనిపిస్తూ ఉండేది. ముదురు ఎరుపు, వేలితో అద్దుకుంటే కుంకుమలాగే అంటుకునేది. పూజ గదిలోంచి పిల్లలెవరో చల్లుకుంటూ వస్తున్నారనుకుని రోజూ ఊడ్చేసేదాన్ని. వేడుకకు ముందు రాత్రి ఉయ్యాల కింద తెల్ల ముగ్గు వేసి, అరగంట తర్వాత చూస్తే దాని మీద అదే ఎర్ర పొడి, సరిగ్గా ఎడమ కొక్కెం కింద చిటికెడంత రాలి ఉంది. మామయ్యగారు వంగి, చిటికెనవేలితో తీసి, వాసన చూసి, "ఇది కుంకుమ కాదమ్మా, తుప్పు" అన్నారు. పిల్లలను దింపేయమని కూడా ఆయనే చెప్పారు. ముగ్గురు పిల్లలు దిగి భోజనాలకు వెళ్లారు. ఆయన మాట మా వారు పూర్తిగా విని ఉంటే బాగుండేది. చివరి బంతిపూల దండ కట్టడానికి ఒక్క నిమిషమేగా అని బల్ల అంచు మీద కూర్చున్నారు.

కొబ్బరికాయ కొట్టినట్టు ఒక్క చప్పుడయింది. ఎడమ వైపు గొలుసులు రెండూ ఒకేసారి కిందికి వచ్చాయి, బల్ల ఏటవాలుగా జారి దాని మూల నేలను తాకింది. మా వారికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. పగిలిన నేల పలక ఇప్పటికీ అలాగే ఉంది, దాని మీద చాప వేసి కప్పుకుంటున్నాం. మా ఆడపడుచు అపశకునమంటూ కళ్లనీళ్లు పెట్టుకోబోతే, అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి కొడుక్కి దిష్టి తీసి, "పిల్లలు దిగాక తెగింది, అంతకంటే శకునం ఏం కావాలి?" అని అందరినీ పడుకోమన్నారు.

మర్నాడు పొద్దున్నే బల్లను గొలుసుల నుంచి విడదీసి, రెండు వరసల ఇటుకల మీద పీటలా పరిచి, ఇటుకలు కనపడకుండా చుట్టూ అరటాకులు నిలబెట్టాం. తెగిన కొక్కెం ఉన్న చోట శ్లాబులో నల్లటి గుంట కనపడకుండా చిలకల దండను అడ్డంగా కట్టాం. పాప ఆ బల్ల మీదే కూర్చుంది. పదిహేనేళ్లలో మా ఇంట్లో తీసిన ఫొటోలన్నిటిలోకీ అవే బాగున్నాయని ఒప్పుకోక తప్పదు. గాలిలో ఊగే బల్ల మీద మనిషి కుదురుగా కూర్చోలేడు, మడతల ఓణీ వేసుకున్న ఆడపిల్ల అసలే కూర్చోలేదు.

వారం తర్వాత దుకాణానికి వెళ్తే, హామీ బల్లకే గాని కొక్కేలకు లేదన్నారు. ఆ కొక్కేలు బల్లతోపాటు అదే సంచిలో వాళ్లే ఇచ్చారు, బిల్లులో వేరుగా రాయలేదు కూడా. పదమూడేళ్ల తర్వాత డబ్బు తిరిగిస్తారని నేనూ ఆశించలేదు. సముద్రం పక్క ఊళ్లో నల్లరంగు పూసిన మామూలు ఇనుప కొక్కెం ఇచ్చేటప్పుడు, ఏడాదికోసారి చూసుకోండి అని ఒక్క మాట చెప్పి ఉండాల్సిందన్నదే నా ఫిర్యాదు.

కారణం మాకు వివరించింది మేస్త్రీ. విరిగిన ముక్కను చేతిలో తిప్పి చూసి, "అమ్మా, ఇత్తడి ఇనుముని తినేసింది" అన్నాడు. ఆ మాట నాకు మొదట అర్థం కాలేదు. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండి, వాటి మీద ఉప్పు తేమ పొర ఉంటే, చిన్న బ్యాటరీలో జరిగినట్టే జరుగుతుంది, రెండింటిలో రసాయనికంగా ఎక్కువ చురుకైన లోహం త్వరగా తరిగిపోతుంది. ఇత్తడీ ఇనుమూ కలిసిన చోట తరిగేది ఇనుమే. ఊగిన ప్రతిసారీ గొలుసు రింగు కొక్కెం వంపులో రాసుకుని పైనున్న రంగును ఎప్పుడో గీకేసింది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి కడ్డీ ఉబ్బి శ్లాబు గచ్చు కూడా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లను నేను పాత సున్నం పెళ్లలనుకుంటూ వచ్చాను. హుద్‌హుద్ నాటి ఉప్పునీరు ఆ కన్నంలో దిగే ఉంటుందని మేస్త్రీ అనుమానం.

ఇక నా వంతు. ఇత్తడికి తుప్పు పట్టదు, జీవితాంతం ఉంటుంది అని నేను చాలామందికి చెప్పాను, ఇద్దరి చేత కొనిపించాను కూడా. ఇత్తడికి తుప్పు పట్టదన్నది నిజమే, కానీ అది తన పక్కనున్న ఇనుముకు తుప్పు తెచ్చిపెడుతుంది. పైగా గొలుసులు మెరవడానికి నెలకోసారి చింతపండులో ఉప్పు కలిపి తోముతూ, చెయ్యి అందే మేరకు నీళ్లతో కడిగి, పైనున్న రింగులను తడిగుడ్డతో తుడిచి వదిలేశాను. సముద్రం తెచ్చింది చాలనట్టు నేనూ ఇంత ఉప్పు చేర్చానన్నమాట. ఆ ఇద్దరికీ ఫోను చేసి కొక్కేలు చూసుకోమన్నాను. ఒకరి ఇంట్లో అప్పటికే ఎర్ర పొడి రాలుతోంది.

ఇప్పుడు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయించాం. అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి వంట పాత్రల్లో వాడే 304 రకం కంటే ఉప్పు గాలికి బాగా తట్టుకుంటుంది. బోల్టులను శ్లాబుకు ఆరపార దించి, పైన డాబా మీద ఉక్కు పలక వేసి బిగించారు. నీరు దిగకుండా పైన గచ్చు పోశారు. స్టీలుకూ ఇత్తడికీ మధ్య నైలాను తొడుగు పెట్టమని మేస్త్రీనే పట్టుబట్టాడు, లేకపోతే ఈసారి తరిగేది ఇత్తడే. ఆ తొడుగు అరిగిపోతుంది కనుక ఏటా దసరాకు ముందు మార్పిస్తున్నాను. మొత్తం ఖర్చు 6,500 రూపాయలయింది. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు, అయితే రెండేళ్లంటే పదమూడేళ్లు కావన్న సంగతి నాకు బాగా తెలుసు.

మీరూ కొనుక్కోవచ్చా అని అడిగితే సూటిగా అవునని చెప్పలేను. మాది సొంత ఇల్లు, పైన మరో కాపురం లేదు, డాబా మాది, శ్లాబుకు కన్నం వేస్తే అడిగేవాళ్లు లేరు. అద్దె ఇంట్లోనో, నడిమి అంతస్తు ఫ్లాటులోనో ఉంటే కాళ్ల మీద నిలబడే స్టాండు ఉయ్యాలే మేలు, అందం కొంత తగ్గినా. సముద్రానికి కాస్త ఎడంగా, ఏ అనకాపల్లిలోనో ఉండేవాళ్లకు నా బాధ ఇంత తీవ్రంగా ఉండకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఉండబట్టి మా బల్ల రోజుకు పది గంటలు ఖాళీగా ఉండదు. ఇద్దరే ఉండే ఇంట్లో అది ఉతికిన బట్టలు మడత పెట్టకుండా పడేసే చోటుగా మారడం నేను చూశాను.

కొత్త కొక్కేల మీద ఒక ఫిర్యాదు మాత్రం వచ్చింది, అదీ అత్తయ్య నుంచి. పాత కొక్కేలు ఊగినప్పుడల్లా కిర్రు కిర్రుమనేవి. మధ్యాహ్నం వంటింట్లో ఉండి ఆ చప్పుడు వింటే మామయ్యగారు మెలకువగా ఉన్నారో, కునుకు తీశారో ఆవిడకు తెలిసేదట. నైలాను తొడుగులు పెట్టాక ఉయ్యాల చప్పుడు చేయదు. అది ఇనుము అరిగిన చప్పుడని నేను చెప్పి చూశాను. ఆవిడ విన్నారు గాని, ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకుని రోజుకు రెండుసార్లు హాల్లోకి వచ్చి చూసి వెళుతున్నారు.