బ్రావా డోములు: గంటలు నిండితేనే ఫలితం

రొమ్ముల మీద పెట్టుకునే రెండు గట్టి డోములు, వాటి అంచున మెత్తటి సిలికాన్ రిమ్ము, గాలి లాగే చిన్న పంపు. బ్రావా అంటే ఇంతే. మయామి సర్జన్ రోజర్ ఖూరీ మొదట కత్తి పెట్టకుండానే రొమ్ము పెంచుదామని దీన్ని తెచ్చారు. ఒంట్లో వేరే చోట తీసిన కొవ్వును రొమ్ములోకి ఎక్కించడంతో జతకట్టాకే దీని అసలు విలువ తెలిసింది.

ఎక్కించిన కొవ్వుకు మొదటి రోజుల్లో సొంత రక్తనాళాలుండవు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి అందే ఆక్సిజనే దిక్కు. ఇరుకు చోట ఎక్కువ కొవ్వు కుక్కితే లోపల ఒత్తిడి పెరిగి కేశనాళికలు నొక్కుకుపోతాయి, కొవ్వు చచ్చి నూనె తిత్తులు, గట్టి గడ్డలు మిగులుతాయి. డోము ముందుగానే చోటు పెంచుతుంది, రక్తప్రసరణ మెరుగుపరుస్తుంది.

ఆపరేషన్‌కు ముందు రోజుకు 10 గంటలు, 4 వారాలు. చెప్పడం తేలికే. అసలు కష్టమంతా రిమ్ము దగ్గరే. రొమ్ము కింది మడతలో చెమట పట్టినా, పక్కకు తిరిగి పడుకున్నా గాలి కారుతుంది, పంపు మాటిమాటికీ మోగుతుంది. లోషన్ రాసిన చర్మం మీద రిమ్ము జారుతుంది, కాబట్టి సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తీశాక కనిపించే ఎర్రటి వలయం కాసేపటికి మాయమైతే పర్వాలేదు. మర్నాటికీ అలాగే ఉన్నా, పొక్కు లేచినా ఆ రోజు పెట్టకూడదు. తొందరపడి ఒత్తిడి పెంచడమే అన్నిటికన్నా పెద్ద తప్పు: రొమ్ము త్వరగా పెరగదు, కమిలిపోతుంది.

2012లో ఖూరీ బృందం 81 మంది వివరాలు ప్రచురించింది. కొవ్వు నిలిచింది సగటున 82 శాతం, డోములు వాడని పాత అధ్యయనాల్లో 55 శాతం. అయితే ఇది పాత లెక్కలతో చేసిన పోలిక. రెండు గుంపులను పక్కపక్కన పెట్టి చూసింది కాదు, అందుకే 82 శాతాన్ని హామీగా ఎవరికీ చెప్పకూడదు.

క్యాన్సర్ అనుమానం తేలకుండా డోము ముట్టుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు మామోగ్రామ్ తప్పనిసరి, లేకపోతే తర్వాత కనిపించే సున్నపు చుక్కలు కొవ్వువో జబ్బువో తేల్చడం కష్టం. రేడియేషన్ తగిలిన రొమ్ము బిర్రుగా ఉంటుంది, ఒక్క విడతలో సాగదు. పొగతాగడం ఆపాల్సిందే.

ఆపరేషన్ రోజు వరకూ డోము మానకూడదు, మానితే వచ్చిన వాపు దిగిపోతుంది. ఆ పొద్దున రొమ్ము ఉబ్బి కనిపించకపోతే రెండే దారులు: వాయిదా వేయడం, లేదా పట్టినంతే కొవ్వు ఎక్కించి ఆపేయడం.