తాళాల పట్టీ: రెండేళ్ల వాడకం, ఒక్క స్క్రూ

ముందే చెప్పేస్తున్నా, నా కోపమంతా ఈ తాళంచెవుల పట్టీకి ఉండే స్క్రూ మీదే. తోలు బాగుంది, కుట్టు బాగుంది, సన్నగా ఉంది, వాటి మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు. కానీ రెండేళ్లు దాటి వాడాక, "ఎలా ఉంది, మేమూ కొనుక్కోవచ్చా?" అని ఎవరైనా అడిగితే నా నోటి వెంట మొదట వచ్చే మాట "స్క్రూ చూసుకోండి" అనే.

వస్తువు తెలియనివాళ్లు తక్కువే అనుకుంటా. తోలు పట్టీని రెండుగా మడిచి, మధ్యలో తాళంచెవులు పేర్చి, ఒక చివర స్క్రూతో బిగిస్తారు. చాకు మడత విప్పినట్టు కావలసినదాన్ని బయటికి లాగి వాడుకోవాలి. ఏడు వందల పైచిలుకు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు, నేను చూసినవాటిలో స్క్రూ అన్నిటికీ ఒకలాగే ఉంది.

రాజమండ్రిలో చిన్న బ్లౌజుల షాపు నాది. తాళాలు ఎక్కువ కావడానికి అదే కారణం. షట్టరుకు అటూ ఇటూ రెండు కప్పలు, మధ్యలో సెంటర్ లాక్, క్యాష్ డ్రాయరు, స్టాకు పెట్టే బీరువా. ఇంటికొస్తే గ్రిల్లు, మెయిన్ డోరు, డాబా మెట్ల తలుపు, మోటారు గది. ఆపైన స్కూటరు. ఇవి కాక ఏ తాళానివో ఇంట్లో ఎవరికీ తెలియని మూడు చెవులు. పారేద్దామంటే రేపు ఏ పెట్టెదో అవుతుందేమోనని భయం, అందుకని మోయడం. పట్టీ వచ్చిన రోజు పాత గుత్తిని వంటింట్లో పిండి తూచే కాటా మీద పెడితే 310 గ్రాములు తూగింది. అందులో 110 గ్రాములు కీచైన్లవే! తిరుపతి నుంచి ఎవరో తెచ్చిన ఇత్తడి వెంకటేశ్వరస్వామి, షాపు ఓపెనింగ్‌కి మెషిన్లు అమ్మినాయన ఇచ్చిన స్టీలు బిళ్ళ, ఇంకోటి బాటిల్ మూత తీసేది. మా ఇంట్లో ఆ మూతలున్న సీసాలే ఉండవు.

మా నాయనమ్మ బొడ్లో దోపుకునే గుత్తి ఇంతకన్నా బరువుండేది. కానీ ఆవిడ అది మోసింది ఊరికే కాదు, ఇంటి పెత్తనం ఎవరిదో ఆ గుత్తే చెప్పేది. కోడలి చేతికి తాళాలిచ్చిన రోజును మా ఇంట్లో ఇప్పటికీ ఓ సంఘటనలా చెప్పుకుంటారు. నాకు ఆ దర్జా లేదు. హ్యాండ్‌బ్యాగులో బరువు, దాని అంచులకు చిల్లులు, అంతే.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. బరువు తగ్గింది నిజమే కానీ సగానికి పైగా తగ్గింది పట్టీ వల్ల కాదు. కీచైన్లు తీసేశాను. ఏ తాళానివో తెలియని మూడింటినీ ఓ డబ్బాలో వేశాను. డాబా తలుపు, మోటారు గది తాళాలు ఇంట్లో మేకుకు వెళ్లాయి. స్టాకు బీరువాది షాపులోనే ఉంచుతున్నా, ఎక్కడన్నది ఇక్కడ రాయను. వెంకటేశ్వరస్వామి దేవుడి గూట్లోకి చేరాడు, ఆయనకీ అదే నయం. ఇవన్నీ ఏడు వందలు ఖర్చు పెట్టకుండానే చేయొచ్చు. కాకపోతే కొత్త వస్తువు వస్తేగానీ ఎవరూ కూర్చుని గుత్తి విప్పరు.

ఇప్పుడు పట్టీ లోపల వాడుకునేవి ఐదు చెవులు: షట్టరు కప్పలవి రెండు, డ్రాయరుది, గ్రిల్లుది, మెయిన్ డోరుది. బయట రింగుకు సెంటర్ లాక్‌ది, స్కూటరుది. ఆ రెండూ లోపలికి పోవు. మన దగ్గర కొనేవాళ్లు ఆలోచించుకోవాల్సింది ఇదే. ఈ పట్టీలన్నీ పల్చటి బల్లపరుపు తాళంచెవుల కోసం తయారైనవి. 1860లలో అమెరికాలో లైనస్ యేల్ పేటెంట్లు తీసుకున్న పిన్ను తాళం తరహావి. అక్కడి ఇళ్లలో చాలావరకు అవే కాబట్టి వాళ్లకు సరిపోతుంది. మనకేమో పాత ఇళ్ల తలుపులకు ఇంకా లీవర్ తాళాలే. గుండ్రటి పిడి, పొడుగు కాడ, చివర పళ్లు. షట్టరు సెంటర్ లాక్‌దైతే ఇంకా పొడుగు. బీరువాలవి కొన్ని గొట్టంలా ఉంటాయి. ఇవేవీ పట్టీలో మడత పడవు. అపార్టుమెంటులో, కొత్త తలుపులున్నవాళ్లకు ఇబ్బంది లేదు. పెంకుటిల్లో, పాత డాబానో అయితే కొనేముందు మీ గుత్తి ఓసారి బల్ల మీద పరిచి చూసుకోండి.

స్కూటరుకు మాత్రం నిజంగా మేలు జరిగింది. ఇదివరకు గుత్తంతా ఇగ్నిషన్‌కి వేలాడి, గతుకుల్లో ఊగుతూ ముందు ప్యానెలును గీకేసింది. తాళం తిప్పే చోట లూజు వచ్చిందని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. ఇప్పుడు స్కూటరు చెవి రింగు నుంచి విడిగా ఊడొస్తుంది, దాన్నొక్కదాన్నే పెడుతున్నా. సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు కూడా ఇంటి తాళాలు ఇంకొకరి చేతికి పోవు. డాలస్‌లో ఉండే మా తమ్ముడికి ఇది చెబితే, అక్కడ కార్లకే ఆ గొడవ వచ్చిందన్నాడు. 2014లో జనరల్ మోటార్స్ 26 లక్షల దాకా కార్లను వెనక్కి పిలిచిన సంగతి. ఇగ్నిషన్ స్విచ్చి బలహీనంగా ఉండి, బరువైన గుత్తి ఊగినా కుదుపు తగిలినా నడుస్తుండగానే ఇంజను ఆగిపోయేది, ఎయిర్ బ్యాగులు పనిచేసేవి కావు, ప్రాణాలు పోయాయి. రిపేరు అయ్యేదాకా రింగుకు ఇంకేమీ తగిలించకుండా కారు తాళం ఒక్కటే వాడమని కంపెనీయే చెప్పింది. మన స్కూటర్లకు అంత ప్రమాదం ఉందని నేననడం లేదు. ప్యానెలు మీద గీతలు ఆగాయి, నాకు అంత చాలు.

ఇక స్క్రూ.

బిగువు దగ్గరే దీని సమస్యంతా. గట్టిగా బిగిస్తే చెవి బయటికి రాదు, గోరు విరుగుతుంది. వదులు చేస్తే అన్నీ ఒకేసారి కిందికి వేలాడతాయి. మధ్యలో ఒక సరైన బిగువు ఉంది, అది దొరికిన రోజు చేతికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. కానీ అది నిలవదు. చెవి తిప్పిన ప్రతిసారీ దాని రాపిడి స్క్రూ మీద పడుతుంది, పైగా స్కూటరు వైబ్రేషన్. కొన్ని వారాలకు తనంతట తనే వదులవుతుంది. రూపాయి బిళ్ళతో బిగించుకోవచ్చని ప్యాకెట్టు మీదే రాశారు. అంటే వాళ్లకూ తెలుసన్నమాట!

మొన్నటి శ్రావణానికి ముందు శ్రావణం. పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం, షాపులో ఊపిరాడని నెల. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, వాన, అమ్మాయిలు వెళ్లిపోయారు. షట్టరు దించి సెంటర్ లాక్ వేశాను. ఎడమ కప్ప వేశాను. కుడి కప్ప కోసం చెవి బయటికి లాగానో లేదో, పట్టీ చేతిలో తెరుచుకుపోయింది. చెవులు, మధ్యలో ఉండే సన్నటి వాషర్లు, స్క్రూ రెండు ముక్కలు, అన్నీ మెట్ల మీద. మా షాపు ముందు మురుగు కాలువ మీద పలకలున్నాయి, పలకల మధ్య సందులున్నాయి. ఫోను లైటు వేసి వెతికితే నాలుగు చెవులు దొరికాయి. దొరకనిది మెయిన్ డోరుది.

డూప్లికేటు ఉంది. ఎక్కడుందంటే ఇంట్లో, బీరువాలో. ఇంకోటి మా ఆయన దగ్గర, ఆయనేమో పేపరు మిల్లులో నైట్ షిఫ్టు. రెయిన్ కోటు వేసుకుని మిల్లు గేటు దాకా వెళ్లి, సెక్యూరిటీ అతన్ని బతిమాలి లోపలికి కబురు పంపిస్తే, ఇరవై నిమిషాలకు ఆయన వచ్చాడు. ఆయన గుత్తి ఏమిటో తెలుసా? నల్లతాడుకు కట్టిన రెండు చెవులు. పెళ్లైనప్పటి నుంచీ అదే తాడు. జరిగింది చెబితే, "బరువు తగ్గాలన్నావుగా, తగ్గింది" అని చెవి చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు నాకొచ్చిన కోపం కూడా స్క్రూ ఖాతాలోకే రాశాను.

పొద్దున్నే పక్క టీ కొట్టు అబ్బాయి గునపంతో పలక లేపితే చెవి దొరికింది. స్క్రూలో ఒక ముక్క మాత్రం కాలువలోనే పోయింది. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. మామూలు నట్టూ బోల్టూ కాదది. ఒకటి లోపల మరలున్న బోలు గొట్టం, రెండోది దాంట్లోకి దిగే స్క్రూ. మెయిన్ రోడ్డులో హార్డ్‌వేర్ షాపులన్నీ అడిగాను, "ఇదెక్కడిదమ్మా" అన్నారు. అమ్మినవాళ్లకు రాస్తే, విడిగా స్పేరు ఇవ్వరట, కొత్తది కొనుక్కుంటే పది శాతం తగ్గిస్తారట. అదీ జవాబు! పట్టీ తీసుకెళ్లి సొరుగులో పడేసి, మళ్లీ పాత ఇనప రింగుకు మారిపోయాను.

తర్వాత కొన్నాళ్లకు మా ఊళ్లోనే తాడితోట ఏరియాలో ఓ కర్టెన్ల షాపులో కూర్చున్నా. శాంపిల్ పుస్తకం తిరగేస్తుంటే వెన్ను దగ్గర అదే స్క్రూ కనిపించింది. గుడ్డ ముక్కలన్నీ కలిపి బిగించేది దాంతోనే! ఇన్నేళ్లుగా లైనింగు గుడ్డల కేటలాగులు నా చేతుల్లోనే తిరుగుతున్నాయి, ఎప్పుడూ దాని వంక చూడలేదు. సీజన్ అయిపోయిన కేటలాగులు మూలన పడి ఉంటాయి కదా, ఒకదాని స్క్రూలు విప్పి ఇచ్చాడాయన, డబ్బులు కూడా తీసుకోలేదు. లావు సరిపోయింది. పొడుగు కాస్త ఎక్కువైతే, డబ్బాలో వేసిన దిక్కులేని చెవుల్లో ఒకదాన్ని మధ్యలో పెట్టి సరిచేశాను. అది ఏ తాళానిదో ఇప్పటికీ తెలియదు, పని మాత్రం చేస్తోంది. బిగించే ముందు మరల మీద ఓ చుక్క నెయిల్ పాలిష్ వేశాను, ఆరాక పట్టుకుంటుందని మెకానిక్ చెప్పిన చిట్కా. అప్పటి నుంచి వదులు కాలేదు. కానీ చెవి మార్చాలన్నా కొత్తది చేర్చాలన్నా ఆ పట్టు పగలగొట్టి విప్పాలి, మళ్లీ వేయాలి. వాళ్లు గొప్పగా చెప్పుకున్న "క్షణంలో మార్చుకోండి" అన్న సదుపాయం నాకు లేనట్టే.

మొదట్లో నేను అందరికీ తెగ చెప్పిన ఇంకో గుణం, చప్పుడు చేయకపోవడం. అదీ నిజమే, గలగలలు లేవు. అయితే హ్యాండ్‌బ్యాగులో ఇది ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. ఇదివరకు బ్యాగు ఊపితే ఏ మూల ఉందో చెవికి తెలిసేది. ఇప్పుడు గ్రిల్లు ముందు నిలబడి టిఫిన్ డబ్బా, టేపు, బిల్లు బుక్కు అన్నీ బయటికి తీయాలి. అందుకని చివర ఏటికొప్పాక లక్క కీచైన్ ఒకటి తగిలించాను, ఎర్రది. అంకుడు కర్రతో చేసేది కాబట్టి బరువుండదు, ముట్టుకుంటే నున్నగా వేళ్లకు తెలుస్తుంది. కీచైన్లు తీసేసి మళ్లీ కీచైనా అని మా ఆయన అననే అన్నాడు. తోలు కూడా మొదట రాసినంత బాగా లేదిప్పుడు. రెండు వానాకాలాలు తడిసి అంచులు నల్లబడ్డాయి, కాలువ దెబ్బకు వచ్చిన వాసన పోవడానికి చాలా రోజులు పట్టింది. చినగలేదు, అది మాత్రం చెప్పాలి.

మొన్న మళ్లీ తూచాను: కీచైనుతో సహా 140 గ్రాములు. బ్యాగుకు కొత్త చిల్లులు పడలేదు.

కొనమంటానా? నాలాగా ఐదారు బల్లపరుపు చెవులు రోజూ వాడేవాళ్లైతే ఆలోచించొచ్చు. ప్యాకెట్టులో స్పేరు స్క్రూ ఇస్తున్నారో లేదో ముందు చూసుకోండి, ఇవ్వకపోతే మీ ఊళ్లో కర్టెన్ల షాపు ఉందిగా. మగవాళ్లకు, జేబులున్నవాళ్లకు ఇది నాకన్నా బాగా ఉపయోగపడుతుందేమో, పల్చగా ఉంటుంది కాబట్టి. రెండు చెవులే ఉన్నవాళ్లకు అనవసరం, నల్లతాడు చాలు. బ్యాంకు లాకరు చెవి మాత్రం దీంట్లో పెట్టొద్దు. పోతే లాకరు పగలగొట్టించే ఖర్చు మనదే, రోజూ వీధుల్లో తిరగాల్సిన వస్తువు కాదది. మా అమ్మాయి హాస్టలుకు తనకూ ఒకటి కావాలంది. గది తాళం, అల్మరా తాళం, అంతే కదా అని ఆపాను. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు చూస్తే స్నేహితురాలి సైకిలు తాళం, ల్యాబు లాకరు తాళం కూడా తనే మోస్తోంది, కాబట్టి ఆ మాట మీద గట్టిగా నిలబడలేను.