తుంచిన రెమ్మ పరీక్ష: నాలుగు సీజన్లు వాడాక

ఏ శనగ రకం పచ్చ పురుగును ఎంత తట్టుకుంటుందో తేల్చడానికి, కప్పులో రెమ్మ గుచ్చి పురుగును వదిలే ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చింది ఒక్కటే: ప్రతి రెమ్మకూ లెక్కపెట్టి పది పిల్ల లార్వాలు (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పురుగులు) అందుతాయి. పొలంలో ఆ భరోసా లేదు. తల్లి పురుగు ఒక మడిలో గుడ్లు పెట్టి పక్క మడిని వదిలేస్తే, అసలు పురుగే తగలని రకం కూడా గట్టి రకంలా కనిపిస్తుంది. పొలంలో మంచి మార్కులు కొట్టేసిన అలాంటి లైన్లు (పరీక్షకు పెట్టిన రకాలు) కప్పులో మూడో రోజుకే జల్లెడయ్యాయి.

జెల్లీలా గడ్డకట్టే 3 శాతం అగర్‌ను మరిగించి, కప్పును ఏటవాలుగా పట్టుకుని పోయాలి. అది చల్లారి గడ్డకట్టాకే కాడ గుచ్చాలి, లేకపోతే కాడ ఉడికిపోతుంది. ఆకులు అగర్‌ను తాకకూడదు. లార్వాలను మెత్తటి బ్రష్‌తోనే ఎత్తాలి.

దెబ్బ తిన్నది మాత్రం కడగడం దగ్గర. దుమ్ము పోవాలని ఒక విడత రెమ్మలన్నిటినీ నీళ్లలో జాడించి పెట్టాం. తట్టుకునే చెక్ (పోలిక కోసం పెట్టే రకం) ఐసీసీ 506నీ, తట్టుకోలేని ఐసీసీ 3137నీ పురుగు దాదాపు ఒకేలా తినేసింది. కారణం అర్థమయ్యాక గుండె చివుక్కుమంది. శనగ ఆకు నూగు నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరుతుంటాయి. చేలో నడిస్తే కాళ్లకు అంటుకునే పులుపు అదే. ఆక్సాలిక్ ఆమ్లం లార్వా ఎదుగుదలను అడ్డుకుంటుంది. జాడించగానే ఆ రక్షణ నీళ్లలో కలిసిపోయింది. అప్పటి నుంచి కుండీల్లో ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే నీళ్లు పోస్తున్నాం, వాన పడ్డ రోజు రెమ్మలు కోయడం లేదు. మూత లోపల పట్టే చెమ్మ బొట్లలో పిల్ల లార్వాలు మునిగి చస్తాయి, కాబట్టి మూతకు వడపోత కాగితం అంటిస్తున్నాం.

ఆకు నష్టానికి స్కోరు ఐదో రోజున వేయాలంటారు. రోజును పట్టుకుని కూర్చోకూడదు. తట్టుకోలేని చెక్‌లో ఆకు 80 శాతం దాటి పోయిన పూటే అన్ని కప్పులూ చూసేయాలి. 1 నుంచి 9 స్కోరులో 10 శాతంలోపు నష్టానికి 1, 80 దాటితే 9. ఒక్క రోజు ఆలస్యమైతే సగం లైన్లు 9 దగ్గరే పోగవుతాయి. లార్వాలను నాలుగు గంటలు మేత లేకుండా ఉంచి తూకం కూడా వేస్తే, ఆకు నష్టం సమానంగా ఉన్న రెండు రకాల మధ్య తేడా అక్కడ బయటపడుతుంది.

అయితే పొలాన్ని పక్కన పెట్టమని కాదు. గుడ్లు పెట్టడానికి తల్లి పురుగు ఇష్టపడని రకం, తిన్నా మళ్లీ చిగురించి కాయ నిలబెట్టుకునే రకం, ఈ రెండూ కప్పులో కనబడవు.

పురుగుల పెంపకం, 27 డిగ్రీల గది ఉండి, వందల లైన్లు వడకట్టాల్సినవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. చేలో ఏరుకొచ్చిన లార్వాలతో నెట్టుకురావాలంటే కష్టమే. పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి, లెక్క నిలవదు. అలాంటప్పుడు కప్పుకు ఒక్క మూడో దశ (రెండుసార్లు కుబుసం విడిచిన) లార్వానే వేసి, కప్పుల సంఖ్య పెంచుకోవాలి.