ఆరేళ్లుగా వాడుతున్న మల్టీమీటరు: కారు బ్యాటరీ, ఛార్జింగు పరీక్షల్లో నా అనుభవం

శ్రీకాకుళంలో ఉంటూ, పనిమీద తరచుగా కళింగపట్నం తీరానికి కారులో వెళ్లివచ్చే నేను 2019లో వోల్టేజి, కరెంటు కొలిచే ఒక సాధారణ డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. దానికి మూడు నెలల ముందే, సెల్ఫ్ తిరగడం లేదని మెకానిక్ చెప్పిన మీదట కొత్త బ్యాటరీ వేయించాను. అదీ పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టేసరికి, లోపం ఎక్కడుందో కొలిచి చూశాకే మళ్లీ డబ్బు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు ఉండవలసింది, 12.9 మాత్రమే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు పోయిందని నిర్ధారించుకునేవాణ్ణే కానీ, దాని అవుట్‌పుట్ బోల్టుకూ దాని బాడీకీ మధ్య కొలిస్తే 14.2 వచ్చింది. అంటే తయారైన వోల్టేజి దారిలోనే పోతోంది. హెడ్‌లైట్లు వేసి ఉంచి, మీటరు వైర్ల కొసనుండే ప్రోబుల్లో ఒకదాన్ని ఆల్టర్నేటరు బాడీకి, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు ఆనించగా, 0.2 దాటకూడని చోట 1.2 వోల్టులు కనిపించింది. ఇంజిన్ నుంచి కారు బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు కింద ఉప్పుగాలికి తుప్పు పేరుకుపోయి ఉంది. ఎమెరీ పేపరుతో రుద్ది, బిగించి, పైన వ్యాసలీను రాశాక బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది. తీరప్రాంతంలో తిరిగే బండికి ఈ పరీక్ష ఏటా చేయించాలని నా గట్టి అభిప్రాయం.

రెండేళ్ల తర్వాత డ్యాష్‌క్యామ్ (దారిని రికార్డు చేసే కెమెరా) పెట్టించాక మళ్లీ బ్యాటరీ దిగిపోసాగింది. నెగటివ్ కేబులు తీసి, 10 ఆంపియర్ల సాకెట్‌లో మీటరును సిరీస్‌లో, అంటే కరెంటంతా దాని గుండానే పోయేలా కలిపి, కారు లాక్ చేసి అరగంట ఆగి చూస్తే, 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉండాల్సిన కరెంటు 180 ఉంది. నాలుగు రోజులు బండి కదలకపోతే నా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగం ఖాళీ అయిపోయేంత కరెంటు అది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే కెమెరా దగ్గర తేలింది. ఇలా కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. పరీక్ష అయ్యాక ఎర్ర ప్రోబును వోల్టు సాకెట్‌కు మార్చడం మరిచి బ్యాటరీకి ఆనిస్తే షార్టే అవుతుంది.

ఈ మీటరులో లోటు ఒకటుంది. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 చూపించినా, సెల్ఫ్ కొట్టే క్షణంలో 9.6 కంటే కిందికి పడిపోతే అది బలహీనమైనట్టే. ఆ క్షణాన్ని పట్టుకునేంత వేగం దీని అంకెలకు లేదు. అందుకే కొత్తగా కొనేవారు కనిష్ఠ, గరిష్ఠ రీడింగులను పట్టి ఉంచే మిన్-మ్యాక్స్ బటన్ ఉన్న మీటరునే తీసుకోవాలని కోరుతున్నాను. లోపలి 9 వోల్టుల సెల్లు దిగిపోతే రీడింగు అసలు కంటే ఎక్కువ చూపుతుంది కనుక, దాన్ని నేను ఏటా మారుస్తున్నాను.