పాత రంగు మీద కొత్త రంగు: మూడేళ్లు దాటిన మా బీరువా

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు మా ఇంట్లోకి నీరు వచ్చి, తాతగారి నాటి టేకు బీరువా ఒక రోజంతా తడిలోనే నిలిచిపోయింది. అంతకు రెండేళ్ల ముందే దానికి రంగు వేయించి ఉన్నాము. ఆ పనిచేసినవారు గీకకుండా, కడగకుండా, నిగనిగలాడే పాత ఎనామెల్ మీదనే రెండు పూతలు పూసి వెళ్లారు. నీరు తీశాక ఆ పైపొర అంచును గోటితో లేపితే జానెడు పట్టీ అరటినారలా ఊడి చేతికి వచ్చింది. దాని కింద పాత ఆకుపచ్చ రంగు చెక్కుచెదరకుండా మెరుస్తూ కనిపించింది. నున్నటి అడుగు మీద కొత్త పూతకు పట్టు దొరకలేదని అప్పుడు అర్థమైంది. చెక్క బాగా ఆరేవరకు ఆగి, 2022 ఫిబ్రవరిలో బీరువాను, దానితోపాటు పిల్లలు చదువుకునే బల్లను నేనే రంగు వేయడానికి పూనుకున్నాను.

పైపొరను స్క్రేపరుతో తీసేశాక, మిగిలిన పాత రంగు నిలిచేదా కాదా అని చూడటానికి బ్లేడుతో అడ్డంగా, నిలువుగా చిన్న గళ్లు గీసి, వాటి మీద టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగాను. తలుపుల మీద ఒక్క గడి కూడా లేవలేదు, కింది అడుగు భాగంలో మాత్రం సగానికి పైగా ఊడింది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పట్టదు కానీ, బీరువా మొత్తం చెక్క తేలేదాకా గీకే శ్రమను అది తప్పించింది. కింది భాగం ఒక్కటే చెక్కదాకా తీసి, మిగతాదంతా గరుకు చేసి వదిలాను.

గరుకు చేయడానికి ముందు కడగడం తప్పనిసరి. మా బీరువా పూజగూటి పక్కన ఉంటుంది కనుక ఏళ్ల తరబడి దీపపు నూనె, మసి దానికి జిడ్డుగా పట్టి ఉన్నాయి. జిడ్డు మీదనే ఉప్పుకాగితం రుద్దితే అది రంగులోకి ఇంకా దిగుతుంది. అందుకే వాషింగ్ సోడా కలిపిన గోరువెచ్చని నీటితో తుడిచి, మంచినీటితో రెండుసార్లు కడిగి, రెండు రోజులు ఆరబెట్టాను. ఆ తరువాత పాత రంగు మీద 220 నంబరు వాటర్ పేపరును తడిపి రుద్దాను. తడిపి రుద్దడానికి మరో కారణమూ ఉంది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది; తాతగారి కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ దుమ్మును పిల్లలున్న ఇంట్లో రేపకూడదు, పాత రంగును మంటతో కాల్చి తీయించడం అసలే కూడదు. చెక్క తేలిన చోట మాత్రం నీరు తగలనీయకుండా 120, ఆపై 180 నంబరు కాగితం వాడి, రంగుకూ చెక్కకూ మధ్య మెట్టు తెలియకుండా లప్పం పెట్టి, మొత్తానికి ప్రైమర్ వేశాను.

బీరువాకు నూనె ఆధారిత ఎనామెల్ మూడు పలుచని పూతలు, పూతకూ పూతకూ ఒక రోజు ఎడంతో వేసి, నడుమ 320 నంబరు కాగితంతో తేలికగా రుద్దాను. మూడు వారాలు దాన్ని ఖాళీగానే ఉంచాను. బల్లకు నీటి ఆధారిత ఎనామెల్ వేశాను కానీ, పరీక్షలు దగ్గరపడటంతో పది రోజులకే ప్లాస్టిక్ గుడ్డ పరిచి వాడకంలో పెట్టాము. అదే పొరపాటు. చేతికి ఆరినట్టు తగిలే రంగు లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది, పైగా మెత్తటి ప్లాస్టిక్ గుడ్డలోని నూనెలాంటి పదార్థం రంగులోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. వేసవిలో గుడ్డ తీసినప్పుడు అరచేయంత మేర రంగు దానితో పాటే లేచింది.

బీరువా తలుపులు నేటికీ బాగున్నాయి. ప్రతి శుక్రవారం మా అమ్మ పెట్టే పసుపు బొట్టు తడిగుడ్డకు పోతుంది. ఎప్పుడైనా మిగిలిన లేత మరక, కిటికీ ఎండ తగిలే తలుపు మీద కొద్ది రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. లోపలి అరలకు వేసిన మీగడ రంగు మాత్రం పచ్చబడింది. వెలుతురు సోకని చోట నూనె ఎనామెల్ ఇలా మారడం సహజమే, అందుకే అరలకు నీటి ఆధారిత రంగు వేసి ఉండవలసింది. మడతబందులు విప్పకుండా వాటి చుట్టూ కుంచె తిప్పడం కూడా నా బద్ధకమే. అక్కడ తుప్పు చారలు, చిన్న చీలికలు వచ్చాయి. వేసిన మొదటి ఏడాది నవంబరు వానలకు చెక్క ఉబ్బి, రంగు మందం కూడా తోడై తలుపుల అంచులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అంచులను కాస్త చిత్రిక పట్టించి, మళ్లీ ప్రైమర్, ఒకే పూత రంగు వేసి, కొవ్వొత్తి రుద్దాక ఆ బాధ తీరింది.

నీళ్లలో నానిన కాళ్ల అడుగు భాగానికి కూడా ప్రైమర్, రంగు పట్టించి గ్రానైటు ముక్కల మీద నిలబెట్టాను. ఏటా వానలు వెలిశాక బీరువాను వంచి చూస్తున్నాను, అక్కడ ఇంతవరకు ఒక్క పొక్కు కూడా లేవలేదు. వచ్చే సంక్రాంతి దాటాక బల్ల పైపలకను మళ్లీ గీకి రంగు వేస్తాను, ఈసారి నెల రోజులు దాని మీద ఏమీ పెట్టనివ్వను.